చలికాలంలో బస్సీ వుడ్స్‌లో జియోక్యాషింగ్: ఈ యాప్‌కి నా రివ్యూ

షికాగో శివార్లలో, ముఖ్యంగా షాంబర్గ్ వైపు ఉండే మనవాళ్ళకి నవంబర్ దాటితే వీకెండ్ అంటే మాల్, లేదా అరోరా బాలాజీ గుడి, లేదా ఎవరో ఒకరింట్లో భోజనాలు. పిల్లలు ఏప్రిల్ దాకా నాలుగు గోడల మధ్యే. అలాంటివాళ్ళ కోసమే ఇది రాస్తున్నాను. జియోక్యాషింగ్ యాప్‌ని నేను మా పాపతో కలిసి ఎక్కువగా చలికాలంలోనే వాడాను, అదీ ఎల్క్ గ్రోవ్ విలేజ్ పక్కనున్న బస్సీ వుడ్స్‌లో. అయిదుకి నాలుగు స్టార్లు ఇస్తాను.

తెలియనివాళ్ళ కోసం క్లుప్తంగా చెప్తాను. ఎవరో ఒక డబ్బా దాచిపెట్టి, అదెక్కడుందో అక్షాంశ రేఖాంశాలు యాప్‌లో పెడతారు. మనం ఫోన్‌లో జీపీఎస్ చూసుకుంటూ వెళ్ళి వెతికి, లోపలున్న కాగితం మీద మన పేరు రాసి, డబ్బాని ఎక్కడిదక్కడే పెట్టేసి రావాలి. 2000 మే 2న అమెరికా ప్రభుత్వం పౌరుల జీపీఎస్ సిగ్నల్‌లో కావాలని కలిపే తేడాని ఆపేసింది. మర్నాడే ఆరెగాన్‌లో పోర్ట్‌లాండ్ దగ్గర డేవ్ ఉల్మర్ అనే ఆయన ఒక బకెట్ దాచి మొదలుపెట్టిన ఆట ఇది. ఈ యాప్ నడిపే కంపెనీ సియాటిల్‌ది.

వేసవిలో ఈ అడవిలో వెతకడం నాకంత నచ్చదు. దోమలు, రక్తం పీల్చే టిక్స్, తగిలితే దద్దుర్లొచ్చే పాయిజన్ ఐవీ తీగ. పైగా తడి ఆకులు దట్టంగా కప్పేస్తే జీపీఎస్ బాణం అటూ ఇటూ ఊగుతుంది. చలికాలంలో ఓక్ చెట్ల మీద ఎండిన ఆకులు కొన్ని మిగిలినా, అడవి చాలా దూరం వరకు కనిపిస్తుంది. పడిపోయిన మానులు, తొర్రలు, ఎవరో పేర్చినట్టు ఒకే వరసలో ఉన్న పుల్లలు, అన్నీ తెలిసిపోతాయి. ఆ పుల్లల కుప్ప కనబడగానే మా పాప "అమ్మా, గాలికి ఇలా పడవు కదా!" అని పరిగెడుతుంది. అడవిని అంత శ్రద్ధగా చూడటం దానికి ఏ పుస్తకమూ నేర్పలేదు.

మంచు పడ్డాక ఆట మారిపోతుంది. నేల మీద పెట్టిన డబ్బా అడుగు లోతు మంచు కింద ఉంటే దొరకడం చాలా కష్టం. ఇక్కడే యాప్ తన విలువ చూపిస్తుంది. ప్రతి డబ్బా పేజీలో దాని లక్షణాలు చిన్న గుర్తులతో ఉంటాయి. వాటిలో మంచు రేకు (స్నోఫ్లేక్) గుర్తుంటే చలికాలంలో కూడా దొరుకుతుందని అర్థం. కానీ దాన్నొక్కదాన్నే నమ్మకండి. అదే పేజీలో కిందికి వెళ్ళి పాత లాగ్‌లు, అంటే ముందు వెతికినవాళ్ళు రాసిన మాటలు, చదవండి. జనవరిలోనో ఫిబ్రవరిలోనో "దొరికింది" అని ఎవరైనా రాసుంటే, ఆ డబ్బా చాలావరకు కొమ్మకి వేలాడుతూనో, మంచు అందని ఎత్తులోనో ఉంటుంది. అన్నీ మే నుంచి అక్టోబర్ మధ్య లాగ్‌లే అయితే దాన్ని వసంతానికి వదిలేయడం మంచిది. ముక్కూ మొహం తెలియని మనుషులు వెనక వచ్చేవాళ్ళ కోసం "మూత గడ్డకట్టింది, పెన్సిల్ తెచ్చుకోండి" అని ఓపిగ్గా రాసిపెడతారు చూశారా, ఈ సర్వీసులో నాకు అన్నిటికంటే ఇష్టమైనది అదే. అందుకే దొరకనప్పుడు కూడా లాగ్ రాయండి, దాచినవాళ్ళు వచ్చి సరిచూసుకుంటారు.

పెన్సిల్ మాట నిజం. చలికి బాల్ పెన్ రాయదు. ఫోన్ బ్యాటరీ కూడా గబగబా పడిపోతుంది, లిథియం బ్యాటరీలన్నిటికీ చలిలో అంతే. ఫోన్, పవర్ బ్యాంక్ రెండూ కోటు లోపలి జేబులో ఒంటికి దగ్గరగా పెట్టుకుని, చూడాల్సినప్పుడే తీయండి. ప్లాస్టిక్ డబ్బా క్లిప్పులు చలికి పెళుసుగా అయిపోతాయి కాబట్టి లాగకండి. గ్లోవ్స్ వేసుకున్న చేతుల మధ్య కాసేపు పట్టుకుంటే వదులవుతాయి. పిల్లలతో వెళ్తే సైజు చూసుకుని స్మాల్ లేదా రెగ్యులర్ ఎంచుకోండి, వాటిలోనే చిన్న బొమ్మలుంటాయి. ఒకటి తీసుకుంటే అంతకు తగ్గనిది ఒకటి పెట్టాలి. తినేవి మాత్రం పెట్టకూడదు, జంతువులు డబ్బాని కొరికేస్తాయి.

ఇంకో సంగతి, అడుగుజాడలు. మంచులో మన బూట్ల గుర్తులు తిన్నగా డబ్బా దగ్గరికే దారి చూపిస్తాయి. అందుకని వచ్చేముందు చుట్టుపక్కల నాలుగైదు చెట్ల దాకా నడిచి గుర్తులు కలిపేస్తాం. ఈ పని మా పాపకి వెతకడం కన్నా ఇష్టం.

ఒక స్టారు ఎందుకు తగ్గించానంటే, ఉచిత ఖాతాతో యాప్‌లో తేలికపాటి మామూలు డబ్బాలే తెరుచుకుంటాయి. మిగతావాటికి ప్రీమియం కట్టాలి. కొత్తవాళ్ళకి ఉచితం సరిపోతుంది. కానీ మంచులో అసలే ఎంపిక తక్కువ కాబట్టి, ఆ ఇబ్బంది చలికాలంలోనే ఎక్కువ తెలుస్తుంది. రెండోది ఇంకా ముఖ్యం. బాణం ఎప్పుడూ సూటి దారే చూపిస్తుంది. మధ్యలో బస్సీ లేక్ ఉన్నా దానికి పట్టదు. గడ్డకట్టిన నీళ్ళ మీద మంచు పడితే ఒడ్డు ఎక్కడ అయిపోయిందో తెలియదు. పిల్లల చేతికి ఫోన్ ఇచ్చి వెనక నడవకండి, మ్యాప్‌లో కాలిబాట చూసుకుని చుట్టూ తిరిగే వెళ్ళండి.

ఈ ఫారెస్ట్ ప్రిజర్వ్‌లో, అంటే బస్సీ వుడ్స్ రక్షిత అడవిలో, నడవడానికి టికెట్ లేదు. సూర్యాస్తమయానికి మూసేస్తారు, డిసెంబర్‌లో అంటే నాలుగున్నర కూడా కాకుండానే. మధ్యాహ్నం భోజనం కాగానే బయల్దేరితే ఒకటి రెండు డబ్బాలు నింపాదిగా వెతకొచ్చు. టైముంటే హిగిన్స్ రోడ్, ఆర్లింగ్టన్ హైట్స్ రోడ్ కలిసే చోట కంచె లోపల ఎల్క్‌లుంటాయి (పెద్ద జాతి జింకలు), 1925 నుంచి అక్కడ ఆ మందని పెంచుతున్నారు. డబ్బా దొరకని రోజు పిల్లల్ని అటు తీసుకెళ్ళండి.