పాత చెరోకీకి ముందు హబ్ ఇంట్లోనే మార్చా: కొన్ని చలికాలాలు తిరిగాక నా అభిప్రాయం

ప్రెస్ (బేరింగుని ఒత్తిడితో దింపే, ఎక్కించే యంత్రం) అక్కర్లేకుండా బోల్టులు విప్పితే ఊడొచ్చే హబ్ (చక్రాన్ని బిగించే, లోపల బేరింగు ఉండే మధ్య భాగం) పెట్టినాయన ఎవరో గానీ ఆయనకి చేతులెత్తి దణ్ణం పెట్టాలనిపిస్తుంది నాకు. మాది ఎక్స్‌జే జీప్ చెరోకీ, 4.0 లీటర్ ఇంజను, ఫోర్ వీల్ డ్రైవ్, 2001తో ఈ మోడల్ ఆగిపోయింది కదా, చివరి ఏళ్ళలో వచ్చిన బండ్లలో ఒకటి. బండి గురించి అందరికీ తెలిసిందే, అది వదిలేసి హబ్ సంగతే చెప్తా. నకిల్ (స్టీరింగ్‌తో పాటు తిరిగే, హబ్‌ని పట్టి ఉంచే ఇనుప భాగం) వెనకవైపు మూడు బోల్టులు, మధ్యలో యాక్సిల్ నట్టు, అంతే. బేరింగు, హబ్బు, వీల్ స్టడ్లు అన్నీ కలిపి ఒకే యూనిట్‌గా వస్తాయి, పాతది తీసి కొత్తది పెట్టడమే. వేరే చాలా కార్లకి నకిల్ మొత్తం ఊడదీసి షాపుకి మోసుకెళ్ళి ప్రెస్ మీద బేరింగ్ దింపించి మళ్ళీ ఎక్కించాలి, ఇంట్లో గరాజ్‌లో అయ్యే పని కాదు. అందుకే బండి కొన్న కొత్తలో అడిగిన వాళ్ళందరికీ "హబ్ మార్చడమా, మూడు బోల్టుల పని" అని చెప్పేవాణ్ణి. ఆ మాట తప్పు కాదు కానీ మాలా అమెరికాలో మిషిగన్‌లో ఉండేవాళ్ళకి కాస్త మార్చి చెప్పాలి.

మొదట శబ్దం. స్పీడు పెరిగేకొద్దీ ముందునుంచి ఝుమ్మని ఒక మోత, టైర్ల మోతే అనిపిస్తుంది చాలా రోజులు. తేడా ఎక్కడ తెలిసిందంటే హైవే మీద మెల్లగా కుడివైపు వంపు తీసుకుంటే మోత పెరిగేది, ఎడమవైపు తిప్పితే తగ్గేది, అంటే బరువు పడే ఎడమ చక్రం బేరింగ్ పోయిందని అర్థం. జాకీ ఎత్తి స్టాండ్ మీద పెట్టి చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపితే కొంచెం ఆట (వదులు) తెలిసింది గానీ అసలు గ్యారంటీ ఇచ్చింది కాయిల్ స్ప్రింగ్. ఒక చెయ్యి స్ప్రింగ్ మీద ఆనించి ఇంకో చేత్తో చక్రం తిప్పితే, మంచి బేరింగ్ వైపు ఏమీ తెలియదు, పోయిన వైపు స్ప్రింగ్‌లో గరగరా గరుకు వేళ్ళకి తగులుతుంది. ఇది ఎవరైనా చేసుకోవచ్చు, పైసా ఖర్చు లేదు, హబ్ కొనేముందు తప్పకుండా చూసుకోండి.

విప్పడం మొదలెట్టినప్పుడు అంతా సాఫీగానే వెళ్ళింది. యాక్సిల్ నట్టుకి 36 మిల్లీమీటర్ల సాకెట్ కావాలి, ఇక్కడ పార్ట్స్ షాపుల్లో డిపాజిట్ కట్టించుకుని అరువుకి ఇస్తారు. స్ప్లిట్ పిన్ తీసి, మా ఆవిడ లోపల బ్రేకు తొక్కి పట్టుకుంటే పొడుగు రాడ్డు వేసి నట్టు కదిలించాం. తర్వాత కాలిపర్ (డిస్కుని పట్టుకునే బ్రేకు భాగం) తీసి వైరుతో స్ప్రింగ్‌కి కట్టాం, బ్రేకు గొట్టానికి వేలాడనివ్వకూడదు. డిస్కు చేత్తోనే వచ్చేసింది. వెనక మూడు బోల్టులకీ పన్నెండు మూలల 13 సాకెట్టే వెయ్యాలి, ఆరు మూలలది అసలు కూర్చోదు. ముందురోజు రాత్రే పెనెట్రేటింగ్ ఆయిల్ (తుప్పు సందుల్లోకి దిగి వదులు చేసే నూనె) కొట్టి ఉంచా కాబట్టి మూడూ ఊడాయి.

కానీ హబ్ కదల్లేదు. ఇక్కడ చలికాలమంతా రోడ్ల మీద ఉప్పు చల్లుతారు, ఆ ఉప్పునీళ్ళు నకిల్‌కీ హబ్‌కీ మధ్య సందులోకి పోయి తుప్పు ఊరిపోయి రెండూ ఒకే ఇనుపముక్కలా అతుక్కుపోయాయి. సుత్తితో కొట్టాం, పక్కలనుంచి కొట్టాం, ఆయిల్ కొట్టి కాసేపు ఆగి మళ్ళీ కొట్టాం, భుజాలు పడిపోయాయి గానీ అది వెంట్రుకవాసి జరగలేదు. బయట చీకటి పడుతోంది. అప్పుడు గుర్తొచ్చింది ఈ జీపులు వాడేవాళ్ళు ఎప్పట్నుంచో చెప్పుకునే పద్ధతి ఒకటుంది, పవర్ స్టీరింగ్ బలంతోనే హబ్‌ని బయటికి నెట్టించడం.

ఎలాగంటే, తీసిన బోల్టుని మళ్ళీ హబ్‌లోకి సగం వరకు బిగించాలి, తల నకిల్‌కి దూరంగా వెనక్కి పొడుచుకుని ఉంటుంది. ఆ తలకి సాకెట్ తొడిగి, దానికి ఎక్స్‌టెన్షన్ తగిలించి, దాని రెండో చివర యాక్సిల్ గొట్టం చివరుండే లావు భాగానికి ఆనేట్టు సర్దాలి. ఇప్పుడు ఇంజను స్టార్ట్ చేసి స్టీరింగ్ తిప్పితే నకిల్ తిరుగుతుంది, మధ్యలో ఎక్స్‌టెన్షన్ ఇరుక్కుంటుంది, ఆ తోపుకి బోల్టు హబ్‌ని బయటికి నెడుతుంది. బండి రెండు చక్రాలూ లేపి గట్టి స్టాండ్ల మీద ఉండాలి, వెనక చక్రాలకి దిమ్మలు, హ్యాండ్ బ్రేకు, గేరు పార్క్‌లో. ఎక్స్‌టెన్షన్ జారితే తుపాకీ గుండులా వస్తుంది కాబట్టి దాని ఎదురుగా ఎవరూ ఉండకూడదు, చెయ్యి అసలు పెట్టకూడదు.

మా బావమరిది గరాజ్ తలుపు దగ్గర నుంచుని టార్చి వేసి చూస్తున్నాడు, నేను స్టీరింగ్ దగ్గర. మెల్లగా తిప్పా, పంపు మూలిగింది, ఏమీ కాలేదు. ఇంకాస్త తిప్పేసరికి ఠంగ్‌మని ఒక్క చప్పుడు. "బావా, ఆపు ఆపు, వచ్చింది, అంచు దగ్గర సందు కనిపిస్తోంది" అని అరిచాడు. నిజమే, గోరు పట్టేంత సందు. బోల్టు మార్చి అవతలి వైపు పెట్టి స్టీరింగ్ ఇటు తిప్పితే ఆ వైపూ కదిలింది, అటూ ఇటూ చేస్తూ వెళ్తే హబ్ చేతిలోకి వచ్చేసింది. అంతసేపు సుత్తితో కానిది ఒంటిచేత్తో స్టీరింగ్ తిప్పితే అయింది, ఆ రోజు కలిగిన సంతోషం ఇప్పటికీ తగ్గలేదు, అసలు ఈ సమీక్ష రాయాలనిపించింది కూడా దాని గురించే. బోల్టుల తలలు కొంచెం నలుగుతాయి, మూడూ కొత్తవి ముందే కొని పెట్టుకోండి.

బిగించడం పెద్ద కథేం కాదు. నకిల్ గుంతలో తుప్పంతా వైర్ బ్రష్‌తో తళతళలాడేదాకా గీకి, యాంటీ సీజ్ (తుప్పుతో అతుక్కుపోకుండా రాసే పేస్టు) పల్చగా రాశా, యాక్సిల్ పళ్ళకీ అంతే. హబ్ బోల్టులు 75 ఫుట్-పౌండ్లు, మధ్య నట్టు 175, అంటే సుమారు 237 న్యూటన్ మీటర్లు. ఈ నట్టు మాత్రం టార్క్ రెంచ్‌తోనే (ఎంత బలంతో బిగిస్తున్నామో కొలిచి చూపే పానా) బిగించండి, ఇంపాక్ట్ గన్‌తో వద్దు. బేరింగ్ లోపలి రెండు రింగుల్నీ నొక్కి పట్టుకునేది ఆ నట్టే, అది వదులుగా ఉండగా బండి బరువు దాని మీద వేసి కదిలిస్తే కొత్త బేరింగయినా పాడవుతుంది.

ఇక వాడకం. ఆ రోజు పెట్టింది ఇంటర్నెట్‌లో దొరికిన చౌకరకం, పెద్దగా పేరు లేని కంపెనీది. మొదట్లో బండి ఎంత నిశ్శబ్దంగా వెళ్ళిందో, లోపల మాట్లాడుకోవడానికి గొంతు పెంచాల్సిన పని లేకపోయింది. తర్వాతి చలికాలం రాకుండానే మళ్ళీ అదే ఝుమ్మనే మోత. వారంటీ కింద ఇంకొకటి పంపిస్తాం అన్నారు, పంపితే మాత్రం మన శ్రమకి వారంటీ ఎవరిస్తారు? డబ్బు వెనక్కి తీసుకుని బేరింగుల్లో పేరున్న టిమ్‌కెన్ కంపెనీది కొన్నా, రేటు చాలా తేడా. రెండోసారి విప్పినప్పుడు యాంటీ సీజ్ పుణ్యమా అని స్టీరింగ్ దాకా వెళ్ళకుండానే సుత్తి దెబ్బలకే హబ్ ఊడొచ్చింది. టిమ్‌కెన్ పెట్టి చాలా మైళ్ళు తిరిగా, ఇప్పటివరకు శబ్దం లేదు, స్ప్రింగ్ మీద చెయ్యి పెడితే నున్నగా తిరుగుతోంది.

అయినా ఒక లోటు చెప్పాలి. మన ఊళ్ళో పాత మహీంద్రా జీపులకి హబ్‌లో టేపర్ బేరింగులుంటాయి, విప్పి కిరసనాయిల్లో కడిగి కొత్త గ్రీజు కూరి ఆట సరిచేసి పెడితే మళ్ళీ ఏళ్ళు తిరుగుతాయి. ఈ యూనిట్‌లో గ్రీజు పెట్టే దారే లేదు, లోపల చిన్న సీలు పోయి నీళ్ళు దిగినా అంత ఇనుమూ పారేసి మొత్తం కొత్తది కొనాలి. విప్పడం తేలిక అని నేను అంత మెచ్చుకున్నదానికి ఇది చెల్లించే ధర అన్నమాట.

నాకైతే ఇది బాగా కలిసొచ్చింది. కానీ నాకు గరాజ్ ఉంది, ఇంట్లో ఇంకో కారుంది, పని రెండో రోజుకి పడినా ఆఫీసుకి ఇబ్బంది లేదు, సాయానికి మనిషున్నాడు. అపార్ట్‌మెంట్ పార్కింగ్‌లో, ఒక్కటే బండి ఉండి, ఉప్పు పడే రాష్ట్రంలో ఉంటే మెకానిక్‌కి ఇవ్వడమే నయం అంటా. టెక్సస్, కాలిఫోర్నియా వైపు తుప్పు లేని బండయితే మాత్రం ఒక్క మధ్యాహ్నంలో అయిపోతుంది, భయపడకండి. 1999 ప్రాంతంలో రోటర్ (బ్రేకు డిస్కు) రకం మారింది, దాంతోపాటు హబ్ కూడా మారింది, ఆర్డర్ పెట్టేముందు మీ బండి రోటర్ చూసుకోండి. నాది కుడివైపు ఇంకా పాత హబ్బే, శబ్దం లేదు గానీ మంచు పడకముందే ఒకసారి విప్పి గుంత గీకి యాంటీ సీజ్ రాసి మళ్ళీ బిగిద్దామని ఉంది.