లైఫ్‌టైమ్ మైక్రోసాఫ్ట్ ఆఫీస్ లైసెన్స్ అంటూ అంటగడుతున్నారు, కంపెనీకి కొనేవాళ్లు జాగ్రత్త

కోపం ఇంకా తగ్గలేదు, అయినా ఇంకొకరు ఇదే గోతిలో పడకూడదని వెంటనే రాస్తున్నాను. మైక్రోసాఫ్ట్ 365 సబ్‌స్క్రిప్షనా, ఒకేసారి డబ్బు కట్టే ఆఫీస్ 2021ఆ అని మా కంపెనీలో పెద్ద చర్చే జరిగింది. వర్డ్, ఎక్సెల్, ఔట్‌లుక్ ఉంటే మాకు చాలు, ఏటా రెన్యువల్ టెన్షన్ ఎందుకని రెండోదానికే ఓటేశాం. రీసెల్లర్ పేరు రాయను. "ప్రొఫెషనల్ ప్లస్, లైఫ్‌టైమ్, మళ్లీ పైసా కట్టక్కర్లేదు" అన్న కొటేషన్ (ప్రొఫెషనల్ ప్లస్ అంటే ఆఫీస్‌లో ఒక ఎడిషన్) అందుకున్నవాళ్లకి ఎలాంటివాళ్లో అర్థమవుతుంది. మనిషిని పంపి ఇన్‌స్టాల్ చేయించారు, బిల్లు ఇచ్చారు, అన్నీ పనిచేశాయి.

కొన్ని నెలలు గడిచాక, మా అకౌంట్స్ అమ్మాయి ఒక క్లయింట్‌తో వీడియో కాల్‌లో ఎక్సెల్ షీట్ చూపిస్తోంది. పైన టైటిల్ బార్ మొత్తం ఎర్రగా, 'ప్రొడక్ట్ యాక్టివేషన్ ఫెయిల్డ్' అని. ఆమె కంటే ముందు అవతలివాళ్లే చూశారు. "మీరు వాడేది లైసెన్స్ ఉన్నదేనా?" అని అడిగారు. ఆ అమ్మాయికి ఏం చెప్పాలో తెలియలేదు, పాపం. మన లెక్కలు నమ్మి పని ఇచ్చినవాళ్ల ముందు అలా నిలబడాల్సి రావడం ఎంత నామోషీ! కాసేపటికి మిగతా సిస్టమ్‌లు కూడా ఒకదాని తర్వాత ఒకటి అదే ఎరుపు.

తెలిసిన ఐటీ కుర్రాడిని పిలిచాం. ఆఫీస్ ఫోల్డర్‌లో ఓఎస్‌పీపీ (OSPP.VBS) అనే చిన్న స్క్రిప్ట్ ఉంటుంది, దాన్ని కమాండ్ ప్రాంప్ట్‌లో డీస్టేటస్ (/dstatus) అని ఇచ్చి నడిపితే లైసెన్స్ ఏ రకమో చూపిస్తుంది. మాకు కనిపించింది 'వాల్యూమ్, కేఎంఎస్ క్లయింట్'. దాని కింద కేఎంఎస్ మెషీన్ అని ముక్కూమొహం తెలియని బయటి సర్వర్ అడ్రస్ ఒకటి.

కేఎంఎస్ అనేది పెద్ద సంస్థలు వాల్యూమ్ లైసెన్స్ (చాలా కంప్యూటర్లకి కలిపి తీసుకునేది) కొని, తమ నెట్‌వర్క్‌లో తామే పెట్టుకునే సర్వర్. అది ఇచ్చే యాక్టివేషన్ 180 రోజులే ఉంటుంది. ప్రతి కంప్యూటరూ మధ్యమధ్యలో ఆ సర్వర్‌ని పలకరించి గడువు పొడిగించుకుంటూ ఉండాలి. మా సిస్టమ్‌లను ఎవరిదో దొంగ సర్వర్‌కి కట్టి వెళ్లిపోయారన్నమాట. ఆ సర్వర్ మూతపడేసరికి మా 'లైఫ్‌టైమ్' కూడా మూతపడింది. అసలు కంపెనీ పేరు మీద లైసెన్సే లేదు. డబ్బు కట్టి పైరసీ కొన్నట్టయింది.

రీసెల్లర్‌కి ఫోన్ చేస్తే ముందు "మీ నెట్ ప్రాబ్లం అయ్యుంటుంది" అన్నాడు. డీస్టేటస్‌లో ఏముందో చదివి వినిపించాను. ఒక్క క్షణం ఆగి ఏమన్నాడో తెలుసా? "మీలాంటి చిన్న కంపెనీకి లైసెన్స్ ఆడిట్ అంటూ ఎవడొస్తాడు సార్? ఒరిజినల్ కావాలంటే ఆ రేటుకి వస్తుందా?" నాకు ఒళ్లు మండిపోయింది. అమ్మేటప్పుడు నోటితో 'హండ్రెడ్ పర్సెంట్ జెన్యూన్' అన్నదీ ఈ మనిషే. అంటే మొదటి నుంచీ తెలిసే అమ్మాడు! దొరికిపోయాక సారీ అనాల్సింది పోయి, ఒరిజినల్ అడిగే స్థాయి మీకు లేదని మమ్మల్నే తక్కువ చేసి మాట్లాడాడు. చిన్న కంపెనీ అయితే మోసం చేయొచ్చా? డబ్బు వెనక్కి ఇమ్మంటే "సాఫ్ట్‌వేర్‌కి రిఫండ్ ఉండదు" అని ఫోన్ పెట్టేశాడు.

ఇంతటితో వదల్లేదు. మర్నాడు ఆయనే మెసేజ్ పెట్టాడు, తక్కువకే 365 సబ్‌స్క్రిప్షన్ ఇస్తానని. అడ్మిన్ లాగిన్ ఎవరి దగ్గర ఉంటుందని అడిగితే "అడ్మిన్ మాదే, మీకు యూజర్ ఐడీలు ఇస్తాం" అన్నాడు. మా మెయిల్స్, మా ఫైల్స్ ఆయన అకౌంట్ కింద! బిజినెస్ సబ్‌స్క్రిప్షన్‌లో రెన్యువల్ ఆగితే మామూలుగా 30 రోజులు అన్నీ పనిచేస్తాయి, తర్వాత 90 రోజులు డేటా అడ్మిన్‌కి మాత్రమే అందుతుంది, ఆ తర్వాత తుడిచిపెట్టేస్తారు. ఆ అడ్మిన్ ఇలాంటి మనిషైతే మన వ్యాపారం జుట్టు ఆయన చేతిలో ఉన్నట్టే. అందుకే సబ్‌స్క్రిప్షనా, ఒకేసారి కొనడమా అన్న వాదన కంటే ముందు, లైసెన్స్ ఎవరి పేరు మీద వస్తుందో తేల్చుకోండి.

ఒకేసారి కొనేదైతే, వాల్యూమ్ అగ్రిమెంట్ లేకుండా విడిగా ప్రొఫెషనల్ ప్లస్ కీ (యాక్టివేషన్ కోడ్) ఇస్తామంటే నమ్మకండి. చిన్న ఆఫీసులకి సరిపడేది హోమ్ అండ్ బిజినెస్ 2024, అందులో ఔట్‌లుక్ ఉంటుంది, వ్యాపారానికి వాడుకునే హక్కూ ఉంటుంది. కీని మీ చేతిలోనే ఉండే మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లో మీరే దగ్గరుండి రిజిస్టర్ చేయించండి. ఇన్‌స్టాల్ చేసిన రోజే డీస్టేటస్ నడిపి చూడండి. మీకు సొంత కేఎంఎస్ సర్వర్ లేకుండా అక్కడ కేఎంఎస్ అని కనిపిస్తే డబ్బు ఇవ్వకండి. సబ్‌స్క్రిప్షన్ అయితే గ్లోబల్ అడ్మిన్ (మొత్తం అకౌంట్ మీద పూర్తి అధికారం ఉన్న వ్యక్తి) మీ మనిషే అయ్యుండాలి. ఏడాది కమిట్‌మెంట్ ప్లాన్‌లో మొదటి 7 రోజులు దాటితే యూజర్ల సంఖ్య తగ్గించుకోవడానికి కుదరదు, ఎంతమందికి కావాలో ముందే లెక్క చూసుకోండి.

ఇంకొకటి, ఆఫీస్ 2016, 2019 రెండింటికీ సపోర్ట్ (సెక్యూరిటీ అప్‌డేట్లు వగైరా) 2025 అక్టోబర్ 14తో అయిపోయింది, 2021కి 2026 అక్టోబర్ 13 వరకే. కాబట్టి పాత వెర్షన్ కీలు చవగ్గా వదిలించుకుంటున్నవాళ్లు ఎవరైనా ఫోన్ చేస్తే, ముందు ఈ తేదీలు అడగండి.