అమ్మానాన్నల హాల్లో వైఫై కెమెరా: నాలుగేళ్ళు వాడాక

పాలకొల్లులో అమ్మానాన్నలు ఉండే ఇంట్లో వైఫై కెమెరా పెట్టి నాలుగేళ్ళు దాటింది. అన్నయ్య డాలస్‌లో ఉంటాడు, నేను హైదరాబాద్ నిజాంపేటలో. 2021లో, కరోనా రెండో వేవ్ అయిన కొన్నాళ్ళకి నాన్నకి జ్వరమొచ్చింది. మేం కంగారు పడతామని ఇద్దరూ మాకు చెప్పలేదు. ఆ సంగతి తెలిసిన రోజే అన్నయ్య ఆన్‌లైన్‌లో ఆర్డర్ పెట్టేశాడు. తల తిప్పే రకం, 1080పి, చీకట్లో కూడా కనిపించేది, అవతలి నుంచి మాట్లాడే స్పీకర్ ఉన్నది. మూడు వేల లోపే. కంపెనీ పేరు రాయను, ఆ ధరలో దొరికేవన్నీ దాదాపు ఒకేలా పనిచేస్తాయి.

కొనే ముందు చదివిన రివ్యూలన్నీ పెట్టె విప్పిన వారంలోపు రాసినవే. బొమ్మ క్లియర్‌గా ఉంది, డెలివరీ త్వరగా వచ్చింది, పైసా వసూల్ అని. పెద్దవాళ్ళున్న ఇంట్లో అది ఏళ్ళ తరబడి ఉంటే ఏమవుతుందో ఎక్కడా దొరకలేదు. అందుకే ఇది రాస్తున్నా.

వస్తువు సంగతి ముందు తేల్చేస్తాను. బొమ్మ బాగానే ఉంటుంది. ఈ ధరలో చాలా కెమెరాల్లాగే ఇది కూడా 2.4 గిగాహెర్ట్జ్ వైఫైకే కలుస్తుంది, 5 గిగాహెర్ట్జ్ పనికిరాదు. మామూలు మెమరీ కార్డు వేస్తే ఏడాది తిరక్కుండానే పోయింది. నిరంతరం రాసి చెరిపే పనికి హై ఎండ్యూరెన్స్ కార్డులని విడిగా అమ్ముతారు, అది వేశాక మళ్ళీ ఇబ్బంది రాలేదు. కరెంటు పోతే రౌటరూ పోతుంది కాబట్టి రౌటర్‌కి చిన్న యూపీఎస్ తప్పనిసరి. ఇక కదలిక అలర్టుల గురించి ఎంత చెప్పినా తక్కువే. లెన్స్ ముందు సాలీడు గూడు కట్టినా, గోడ మీద బల్లి పాకినా, ట్యూబ్‌లైటు చుట్టూ పురుగులు తిరిగినా ఫోన్ మోగుతుంది. వర్షాకాలంలో ఉసుళ్ళు వచ్చిన రాత్రి అన్నయ్య ఆఫీస్ మీటింగ్‌లో ఉండి ఫోన్ ఆఫ్ చేసుకోవాల్సి వచ్చింది.

అన్నయ్య ఫోనే ఎందుకంటే డాలస్‌కీ మనకీ చలికాలంలో పదకొండున్నర గంటలు, వేసవిలో పదిన్నర గంటల తేడా. ఇక్కడి అర్ధరాత్రి వాడికి పట్టపగలు. అమ్మానాన్నల రాత్రుళ్ళు వాడి వంతు, పగళ్ళు నా వంతు. ఎవరూ పంచి పెట్టలేదు, అలా కుదిరిపోయింది.

ఆ రాత్రి వంతు వల్లే ఈ కెమెరా ఒకసారి నిజంగా పనికొచ్చింది. నాన్న రాత్రిపూట మాటిమాటికీ లేచి హాల్లోంచి బాత్రూమ్‌కి వెళ్తున్నారని అన్నయ్య గమనించాడు. పడుకున్న అమ్మకి తెలియదు, నాన్న ఎవరికీ చెప్పలేదు. నేను వెళ్ళి భీమవరం తీసుకెళ్ళి పరీక్షలు చేయించాను. మూడు నెలల షుగర్ సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ తొమ్మిది దాటింది. అప్పటిదాకా ఆయనకి షుగర్ ఉందనే మాకు తెలియదు. మందులు మొదలయ్యాయి, లేవడం తగ్గింది. ఈ ఒక్క కారణానికి కెమెరా ధర పదింతలైనా ఇచ్చేదాన్ని. నాన్న మాత్రం అరుగు మీద స్నేహితులకి "నేను రాత్రి ఎన్నిసార్లు లేస్తానో మావాడు అమెరికాలో కూర్చుని లెక్కపెట్టాడండి" అని చెప్పారట. అందులో గొప్ప ఎంతో, సిగ్గు ఎంతో నాకు ఇప్పటికీ తెలీదు. ఆ తర్వాత చాలాకాలం రాత్రి లేచినప్పుడు హాల్లోంచి కాకుండా వెనక వరండా తలుపు తీసుకుని, చీకట్లో పెరట్లోంచి చుట్టు తిరిగి వెళ్ళేవారని అమ్మ చెప్పింది. వానాకాలంలో నాచు పట్టే పెరడది. పడతారేమోనని పెట్టిన కెమెరాని తప్పించుకోవడానికి పడే దారిలో నడిచేవారు.

ఇప్పుడు ఫోన్ కాల్స్ గురించి. కెమెరాకి ముందు అమ్మకి రోజూ సాయంత్రం ఫోన్ చేస్తే సంగతులన్నీ ఆమే చెప్పేది. పొద్దున్న పాలబ్బాయి రాలేదు, చందువా చేప వస్తే తీసుకున్నా, ఫలానావాళ్ళ కోడలు వచ్చి పెళ్ళి కార్డు ఇచ్చి వెళ్ళింది, మీ నాన్న పేపరు చదువుతూ నిద్రపోయారు. వినడానికి పెద్ద విషయాలేమీ కావు. కానీ అవి అమ్మ చేతిలో ఉన్న కబుర్లు, ఏది ముందు చెప్పాలో ఏది దాచాలో ఆమె ఇష్టం. కెమెరా వచ్చాక నేను "ఇవాళ ఎవరో వచ్చినట్టున్నారే?" అని మొదలుపెట్టేదాన్ని. కొన్నాళ్ళకి ఆమె నుంచి ఒకటే జవాబు: "నువ్వు చూసే ఉంటావుగా." కోపంగా కూడా కాదు, మామూలుగానే అనేది. ఏం చెప్పాలో తోచక "సరే, ఉంటా మరి" అనేది. అరగంట మాట్లాడే మనిషి అయిదు నిమిషాలకి ఫోన్ పెట్టేస్తుంటే మొదట ఆరోగ్యం బాగాలేదేమో అనుకున్నాం. మా మాటలు తగ్గినంతగా అన్నయ్య మాటలూ తగ్గాయి. ఆఫీసులో ఉండగా యాప్ తెరిచి, అమ్మ టీవీ ముందు కూర్చుని చిక్కుడుకాయలు ఈనెలు తీస్తుంటే చూసి, హమ్మయ్య అనుకుని మూసేస్తాడు. వాడి లెక్కలో ఆ రోజు అమ్మని చూసినట్టే. అమ్మ లెక్కలో మాత్రం ఆ వారం కొడుకు ఫోన్ చేయలేదు. నాలుగేళ్ళలో నాకు తెలిసొచ్చిన ముఖ్యమైన విషయం ఇదే. కెమెరా చూపు ఒకవైపే వెళ్తుంది. తృప్తి అంతా చూసేవాళ్ళకి మిగులుతుంది, కనపడేవాళ్ళకి ఏమీ మిగలదు. వీడియో కాల్ అలా కాదు, అవతలి మొహం వాళ్ళకీ కనపడుతుంది.

పైగా మనం చూసే సంగతి వాళ్ళకి తెలుస్తుంది. తల తిప్పే కెమెరాకి మోటారు ఉంటుంది, యాప్‌లో వేలు జరిపితే అక్కడ సన్నగా గిర్రుమంటుంది. రాత్రిపూట ఇన్‌ఫ్రారెడ్ లైట్లు మసక ఎర్రగా వెలుగుతాయి (850 నానోమీటర్ల రకమైతే, 940 రకం కంటికి కనపడదు, కొనేటప్పుడు అడగండి). అమ్మ ఆ గిర్రుమనే చప్పుడుని బట్టి చూసేది ఎవరో కనిపెట్టడం నేర్చుకుంది. పగలు మోగితే నేను, రాత్రి మోగితే అన్నయ్య. మోగగానే పైట సర్దుకుని నిటారుగా కూర్చునేది. సొంత ఇంట్లో, మధ్యాహ్నం కాసేపు నడుం వాల్చే వేళ కూడా.

స్పీకర్‌తో ఇంకో గొడవ. ఒక రోజు పక్కింటి పిన్నిగారు వచ్చి హాల్లో కూర్చుని, తన కోడలితో ఏదో మాటామాటా అనుకున్న సంగతి అమ్మకి చెప్పుకుంటున్నారు. సరిగ్గా అప్పుడు అన్నయ్య యాప్ తెరిచి, అలమర మీదున్న కెమెరాలోంచి "నాన్నా, మాత్ర వేసుకున్నారా?" అని అడిగాడు. పాపం వాడికి పిన్నిగారు అక్కడున్నట్టు కూడా తెలీదు, కెమెరా అటు తిరిగి లేదు. ఆవిడ ఉలిక్కిపడి లేచి, మాట మధ్యలోనే వెళ్ళిపోయారు. ఆ తర్వాత వచ్చినా గుమ్మం దాటేవారు కాదు, "ఇక్కడే బాగుందిలే అక్కా" అని గేటు దగ్గరే నిలబడి మాట్లాడి వెళ్ళేవారు. ఆవిడని చూసి ఇంకొకరు. ఇంట్లో పని చేసే అమ్మాయి హాలు ఊడ్చేటప్పుడు చున్నీ తల మీదుగా కప్పుకునేది. ఆమెకి కెమెరా ఉందని ఎవరూ చెప్పలేదు, తనే చూసి తెలుసుకుంది. ఇది మాత్రం నాకు అస్సలు నచ్చలేదు.

పక్కింటివాళ్ళు రాకపోతే ఏం పోయింది అంటారేమో. 2023 డిసెంబరులో మిచాంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటిన రోజు గోదావరి జిల్లాల్లోనూ గాలీవానా దంచేశాయి. కరెంటు లేదు, యూపీఎస్ అయిపోయింది, యాప్‌లో "ఆఫ్‌లైన్" అని బూడిద రంగు డబ్బా. అమ్మ ఫోన్ చార్జింగ్ లేక ఆగిపోయింది. అన్నయ్య ప్రతి పది నిమిషాలకీ యాప్ రిఫ్రెష్ చేసి స్క్రీన్‌షాట్ పంపుతున్నాడు, నాకు టెన్షన్. కేబుల్ కుర్రాడికి ఫోన్ చేస్తే "ఆయ్, వైర్లన్నీ తెగిపోయాయండి, రేపు చూద్దాం" అన్నాడు. ఆఖరికి కబురు చెప్పింది ఎవరనుకున్నారు? ఆ పక్కింటి పిన్నిగారే. వాళ్ళబ్బాయి ఫోన్ నుంచి చేసి, "మీ అమ్మానాన్న మా ఇంట్లోనే ఉన్నారమ్మా, ఉప్మా తిన్నారు" అన్నారు. అంతకు ముందు ఏడాది పాటు మా కెమెరా ఆవిడని గేటు బయటే నిలబెట్టింది.

అన్నాచెల్లెళ్ళ మధ్య ఏం జరుగుతుందో కూడా చెప్పాలి, ఎందుకంటే ఒకరు విదేశంలో, ఒకరు దగ్గర్లో ఉన్న ఇళ్ళన్నిట్లో ఇది జరుగుతుంది. దూరంగా ఉన్నవాళ్ళకి బాధ్యత తీరడం లేదనే బెంగ ఉంటుంది. కెమెరా వాళ్ళకి చూపు ఇస్తుంది, చేతులు ఇవ్వదు. దాంతో చేతుల పని దగ్గరున్నవాళ్ళ మీద పడుతుంది. "అమ్మ పదయినా టిఫిన్ తినలేదు, ఫోన్ చెయ్యి." "నాన్న స్టూల్ ఎక్కుతున్నారు, దిగమను." "గ్యాస్ అతను వచ్చి వెళ్ళాడు, తలుపు గడియ వేసుకున్నారో లేదో కనుక్కో." నేను ఆఫీసులో క్లయింట్ కాల్‌లో ఉంటాను, మెసేజ్‌లు ఒకదాని వెనక ఒకటి. ఒకసారి విసుగొచ్చి "నువ్వే చెయ్యొచ్చుగా అన్నయ్యా, అది కూడా ఫోనే" అన్నాను. "నేను చూస్తున్నట్టు తెలిస్తే అమ్మ ఫీలవుతుందే" అన్నాడు. వాడు చూసినట్టు తెలియకూడదు, నేను అడిగినట్టు ఉండాలి. ఆ నెలలో మేమిద్దరం సరిగ్గా మాట్లాడుకోలేదు. వదిన ఫోన్‌లో కూడా యాప్ ఉందని, మావారు నా ఫోన్‌లో అప్పుడప్పుడు చూస్తారని తెలిశాక అమ్మ అన్నది ఒక్కటే: "అల్లుడుగారు కూడానా?"

మర్నాడు కెమెరా మీద నాన్న తువ్వాలు వేలాడుతోంది. అన్నయ్య "కెమెరా పాడైనట్టుంది" అని మెసేజ్ పెట్టాడు. పాడవలేదని వాడికీ తెలుసు.

ఇందులో చట్టం ఏమంటుందో చూశాను, కుతూహలం కొద్దీ. 2017లో సుప్రీంకోర్టు పుట్టస్వామి కేసులో గోప్యత ప్రాథమిక హక్కని చెప్పింది. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం మాత్రం ఒక మనిషి సొంతానికి, ఇంటి అవసరానికి వాడుకునే డేటాకి వర్తించదు. అంటే పిల్లలు అమ్మానాన్నల హాల్లో కెమెరా పెడితే అడిగే నాథుడు లేడు. అమ్మకి ఉన్న ఆయుధం తువ్వాలే.

సంక్రాంతికి అందరం కలిసినప్పుడు మార్పులు చేశాం. హాల్లోది తీసి గేటు వైపు వరండాలో బిగించాం, గడప లోపలిది ఏదీ అందులో కనపడదు. పక్కనే మామూలు కరెంటు స్విచ్చు పెట్టి, ఇష్టం లేనప్పుడు ఆపేసుకోమని అమ్మకి చెప్పాం. యాప్ మా ఇద్దరి ఫోన్లలోనే ఉంది, మిగతావాళ్ళ షేరింగ్ తీసేశాం. స్పీకర్ ఆఫ్. కదలిక అలర్టు గేటు మేరకే. ఎవరు చూస్తే ఫోన్ వాళ్ళే చేయాలి, రెండోవాళ్ళకి పురమాయించకూడదు. ఈ చివరిది నా షరతు. దీని వల్లే అన్నయ్య వారంలో మూడు నాలుగుసార్లు అమ్మతో మాట్లాడుతున్నాడిప్పుడు. కొన్ని మాత్రం సర్దుకోలేదు, నాన్న స్టూల్ ఎక్కడం మానలేదు. పిన్నిగారు హాల్లోకి రావడానికి ఇంకా చాలాకాలం పట్టింది. ముందు కూర్చోగానే అలమర పైకి చూసి, అక్కడ ఏమీ లేదని చూసుకునేవారు.

కొనాలా వద్దా అంటే: గేటుకీ, పెరటికీ, తాళం వేసి ఊరెళ్ళినప్పుడూ కొనండి, అయిదుకి నాలుగు ఇస్తాను. 2025 ఏప్రిల్ నుంచి మన దేశంలో అమ్మే సీసీ కెమెరాలకి సెక్యూరిటీ పరీక్షలు తప్పనిసరి చేశారు, కొత్తది కొంటే ఆ సర్టిఫికేషన్ చూసుకోండి. మంచానికే పరిమితమైన మనిషి, జ్ఞాపకం తప్పిన మనిషి ఉన్న ఇంటి సంగతి వేరు, అక్కడ లోపల కూడా అవసరమే కావచ్చు. నడుస్తూ, వండుకుంటూ, పేపరు చదువుకుంటూ ఉన్న తల్లిదండ్రుల హాల్లో అయితే ఒకటి కూడా ఇవ్వను. పెద్దవాళ్ళ కోసం కేంద్రం నడిపే హెల్ప్‌లైన్ ఎల్డర్‌లైన్ 14567 నంబరు ఫ్రిజ్ మీద రాసి అంటించడం, పక్కింటివాళ్ళ నంబర్లు రెండు మన ఫోన్‌లో ఉంచుకోవడం ఖర్చు లేని పనులు. వాటి తర్వాతే కెమెరా.

మొన్న అన్నయ్య వంటింట్లో ఒకటి పెడదామన్నాడు, అమ్మ పొయ్యి ఆపడం మర్చిపోతోందని. "గ్యాస్ గురించి భయమైతే గ్యాస్ వాసన పట్టే మిషన్ కొనరా, నన్ను చూసే మిషన్ ఎందుకు?" అంది అమ్మ. అది కొన్నాం, పన్నెండు వందలు చిల్లర. ఎల్పీజీ గాలి కన్నా బరువు కాబట్టి పైన కాకుండా నేలకి అడుగు ఎత్తులో బిగించాలి, షాపతను పైన బిగించమంటే వినకండి.