డెషూట్స్‌లో గైడ్‌తో ఒక సీజన్: ట్రౌట్‌కి సరే, స్టీల్‌హెడ్‌కి ఆలోచించుకోండి

ఆరెగాన్‌లోని డెషూట్స్ నదిలో మే నుంచి అక్టోబరు దాకా వీలైనప్పుడల్లా ఒకే గైడ్‌తో ఫ్లై ఫిషింగ్‌కి (పురుగులా కట్టిన ఎరతో, అంటే ఫ్లైతో, చేపలు పట్టడానికి) వెళ్లాను. పోర్ట్‌లాండ్ చుట్టుపక్కల మనవాళ్లు విని "చేపలకి అంత డబ్బు తగలేస్తావా" అంటున్నారు. నదిలోనే ఉండే ట్రౌట్ చేపల విషయంలో అది దండగ ఖర్చేం కాదు. సముద్రం నుంచి వచ్చే స్టీల్‌హెడ్ సంగతి వేరు.

ఇద్దరు కలిసి వెళ్తే గైడ్‌కి రోజుకు 600 డాలర్ల పైమాటే. టిప్ అదనం, 15 నుంచి 20 శాతం. లైసెన్సు, స్టీల్‌హెడ్ ట్యాగ్ (ఆ చేప కోసం విడిగా తీసుకునే అనుమతి) మనమే కొనుక్కోవాలి. రాడ్, రీల్, ఫ్లైలు, మధ్యాహ్నం తిండి వాళ్లవే (శాకాహారమని ముందే చెప్పకపోతే టర్కీ శాండ్‌విచ్ చేతిలో పెడతారు). ఛాతీ దాకా తొడుక్కునే, నీళ్లు చొరని వేడర్లు మాత్రం సొంతానివి ఉండాలి. నాకు అద్దెకిచ్చినవి కుట్ల దగ్గర కారి, పొద్దున ఏడింటికే ఎడమ కాలి మేజోడు తడిసి ముద్దయింది. సాయంత్రం దాకా వణుకుడే. అద్దె డబ్బులు మాత్రం వెనక్కి ఇవ్వలేదు.

పడవలో కూర్చుని తీరిగ్గా గాలం వేయొచ్చనుకుంటే కుదరదు. ఈ నది దిగువ భాగంలో తేలే పడవలోంచి చేపలు పట్టడం నిషేధం. పడవ ఒక చోటి నుంచి ఇంకో చోటికి చేర్చడానికే. దిగి నీళ్లలో నిలబడాలి, రాళ్లేమో పాచి పట్టి జారుతుంటాయి. మేకుల బూట్లు, ఊతకర్ర లేకపోతే మా గైడ్ దిగనివ్వడు. ఎడమ గట్టు చాలా దూరం వార్మ్ స్ప్రింగ్స్ అనే స్థానిక అమెరికన్ తెగలది. అక్కడ ఎక్కడ ఆగొచ్చో, ఎక్కడ ఆగకూడదో కూడా తెలిసి ఉండాలి.

మే చివర్లో సాల్మన్‌ఫ్లైలు బయటికొస్తాయి. వేలెడంత పురుగులు, పొట్ట నారింజ రంగు. గడ్డి మీద, కొమ్మల మీద, మన కాలరు మీద కూడా పాకుతుంటాయి. గాలికి కొమ్మ ఊగి ఒకటి నీళ్లలో పడిందా, కింద కాచుక్కూర్చున్న రెడ్‌సైడ్ ట్రౌట్ (ఈ నదిలోని రెయిన్‌బో ట్రౌట్) లటుక్కున అందుకుంటుంది. అందుకే నది మధ్యకి కాదు, కొమ్మల నీడలో గట్టుకి మూరెడు దూరంలో వేయమంటాడు గైడ్. ఫ్లై పడ్డాక నడిమి వడి లైన్‌ని (గాలపు తాడుని) లాక్కుపోతే ఫ్లై కూడా ఈడ్చుకుపోతుంది. అలా కదిలేదాన్ని ట్రౌట్ ముట్టుకోదు. రాడ్ కొస ఎత్తి, ఫ్లై కదలకుండా, లైన్‌ని ఎగువకి మళ్లించాలి. దీన్ని మెండింగ్ అంటారు. ఎన్ని వీడియోలు చూసినా నాకు పట్టుబడలేదు. గైడ్ మోచెయ్యి పట్టుకుని చూపిస్తే మధ్యాహ్నానికల్లా వచ్చేసింది. నా దృష్టిలో ఫీజంతా దీనికే.

స్టీల్‌హెడ్ అంటే రెయిన్‌బో ట్రౌటే. కాకపోతే సముద్రానికి వెళ్లి పెరిగి, మన పులసలాగా గుడ్లు పెట్టడానికి నదికి ఎదురీదుతూ వస్తుంది. నదిలోకి వచ్చాక మేత మీద పెద్దగా ధ్యాస ఉండదు. ఆకలి లేనిదానికి ఎర చూపించడం ఎంత కష్టమో మీరే ఊహించుకోండి. నీటి మీద ఎండ పడకముందే మొదలుపెట్టాలి. రెండు చేతుల స్పే రాడ్‌తో ఏటవాలుగా దిగువకి విసిరి, ఫ్లై వంపు తిరుగుతూ గట్టు వైపు వచ్చేదాకా ఆగి, ఒక అడుగు కిందికి వేసి, మళ్లీ విసరడం. వెయ్యి విసుర్లకి ఒక చేప అని ఇక్కడ ఓ మాట ఉంది, నాకేం అతిశయోక్తి అనిపించలేదు. సీజన్ మొత్తానికి ఒక్కటి దక్కింది. లైన్ బరువెక్కగానే గైడ్ "ఏం చేయకు, ఏం చేయకు" అని అరిచాడు. ట్రౌట్‌కైతే వెంటనే రాడ్ ఎత్తాలి. దీనికి అలా ఎత్తితే నోట్లోంచి ఊడిపోతుందట, అదే తిరిగి లాగేదాకా ఆగాలి. వీపు మీద తోక దగ్గరుండే చిన్న రెక్క అలాగే ఉంది. హేచరీలో (చేపల్ని పెంచి వదిలే చోట) పుట్టిన చేపలకి దాన్ని కత్తిరించి వదులుతారు. ఇది నదిలోనే పుట్టిన చేప కాబట్టి నీళ్లలో ఉండగానే హుక్ తీసి వదిలేశాం. పులుసు ఆశతో వెళ్లేవాళ్లకి ఈ ప్యాకేజీ పనికిరాదు.

బుక్ చేసేముందు ఎండల సంగతి అడగండి. ఆగస్టులో మౌంట్ హుడ్ మీది హిమానీనదం కరిగి, వైట్ రివర్ బూడిదరంగు బురద తెచ్చి మాపిన్ ఊరికి దిగువన డెషూట్స్‌లో కలుపుతుంది. అలాంటప్పుడు మా గైడ్ అడక్కుండానే ఎగువకి తీసుకెళ్లేవాడు, అది మెచ్చుకోవాల్సిందే. కానీ నీళ్లు 20 డిగ్రీలు దాటితే పట్టి వదిలిన చేప కూడా బతకడం కష్టమని మధ్యాహ్నానికే ఆపేస్తారు. ఆపడం న్యాయమే, పోయిన సగం రోజుకి పైసా తగ్గించకపోవడమే బాగాలేదు.

వచ్చే ఏడాది మే నెలాఖరుకి ట్రౌట్ రోజులు మళ్లీ తీసుకుంటున్నాను. స్టీల్‌హెడ్‌కి మాత్రం ఒక్క రోజే, అదీ స్పే కాస్టింగ్ సరిచేసుకోవడానికి. మిగతా సెప్టెంబరు తెల్లవారుజాముల్లో గైడ్ లేకుండానే వెళ్తాను. అతను చూపించిన చోట్లు చాలావరకు రోడ్డు పక్కనే ఉన్నాయి.