హన్మకొండ, వరంగల్‌లో ఆఫీసులు నడిపేవాళ్ళకు: ఫైర్ సిలిండర్ కాటా మీద పెట్టకుండా సంతకం చేయకండి

మంగళవారం రాత్రి మా ఆఫీసులో మంటలు వచ్చాయి. ఇవాళ శుక్రవారం. ఇప్పటికీ కళ్ళు మూస్తే ఆ పొగ వాసనే వస్తోంది. నాలుగు రోజులు ఆగి, కోపం తగ్గాక రాయమని మా ఆయన అంటున్నాడు కానీ ఆగితే నేను రాయను, నా సంగతి నాకు తెలుసు. అందుకే ఇప్పుడే రాస్తున్నా. తప్పులుంటే క్షమించండి.

మాది నక్కలగుట్టలో మూడో అంతస్తులో మెడికల్ బిల్లింగ్ ఆఫీసు. పని అంతా అమెరికా టైం ప్రకారం, కాబట్టి రాత్రే ఎక్కువమంది ఉంటారు. ఆ రాత్రి 46 మంది ఉన్నారు, అందులో 19 మంది ఆడపిల్లలు. అడ్మిన్ నేనే చూస్తాను. సేఫ్టీ కాగితాల మీద సంతకం నాదే. పోయినేడు మా పాత వెండర్ మానేస్తే, ఫైర్, గార్డులు, అలారం అన్నీ ఒక్కడే చూసుకుంటాడని ఒక కొత్త వెండర్‌ను పెట్టుకున్నాం. పేరు రాయొద్దని లాయర్ గారు చెప్పారు. అయినా ఇక్కడ ఆఫీసులకు, స్కూళ్ళకు ఈ సామాను కొన్నవాళ్ళకు ఎవరో అర్థమవుతుంది, ఆన్‌లైన్‌లో వెతికితే మొదట వచ్చేది ఆయన నంబరే, ఐదు స్టార్లతో. 14 సిలిండర్లు, పొగ డిటెక్టర్లు, ఇద్దరు గార్డులు, ఎమర్జెన్సీ ప్లాన్ ఫైలు, ఏడాదికి రెండు మాక్ డ్రిల్లులు, మొత్తం కలిపి 1,85,000 రూపాయలు.

రాత్రి 11:40 ప్రాంతంలో యూపీఎస్ గదిలో బ్యాటరీ కనెక్షన్ వేడెక్కి వైర్లు అంటుకున్నాయి. పొగ గదిలోంచి హాల్లోకి వచ్చేదాకా ఎవరికీ తెలియలేదు, ఎందుకంటే అలారం మోగలేదు. ముందు వాసన పట్టింది మా క్వాలిటీ టీంలో ఒక అమ్మాయి. గార్డు పరుగెత్తుకొచ్చి సీఓటూ, అంటే కార్బన్ డయాక్సైడ్ గ్యాస్ సిలిండర్ దించి, పిన్ను లాగి, హ్యాండిల్ నొక్కితే ఒక్కసారి సుస్సుమని ఆగిపోయిందట. పక్కనున్న పౌడర్ సిలిండర్ తెచ్చారు. దాని ప్రెషర్ మీటర్ ముల్లు పచ్చ గీతలోనే ఉంది. నొక్కితే పైపు చివర తడిసిన సున్నంలా ఇంత గడ్డ రాలి, ఇంకేమీ రాలేదు. మెట్ల వైపు వెళ్ళబోతే వెనక మెట్ల తలుపుకు తాళం.

ఒక అబ్బాయి కరెంటు మెయిన్ ఆపేశాడు, ఇంకొక అబ్బాయి కిందికి దిగి, పక్క బిల్డింగు లాడ్జి వాళ్ళ సిలిండర్ భుజాన వేసుకొచ్చి కొట్టాడు. అది పనిచేసింది. మేం బతికింది ఆ లాడ్జి వాళ్ళ సిలిండర్ వల్ల. మెయిన్ ఆపిన పిల్లాడికి అరచెయ్యి కాలింది, ఒకమ్మాయికి ఉబ్బసం ఉంది, పొగకు ఎగశ్వాస వచ్చి రెండు రోజులు హాస్పిటల్లో ఉంది. ఫైర్ ఇంజన్ వచ్చేసరికి మంట ఆరిపోయింది. వాళ్ళు ఆలస్యం చేయలేదు, మేమే ఆలస్యంగా పిలిచాం, ఆ సంగతి కింద చెప్తా.

నేను ఇంట్లో ఉన్నాను, వడ్డేపల్లి నుంచి స్కూటీ మీద వచ్చేసరికి 12:10. ఫైర్ సిబ్బందిలో పెద్దాయన ఒకరు మా సిలిండర్‌ను ఒంటిచేత్తో లేపి, ఇట్లా అట్లా ఊపి, నా వైపు చూసి, "ఇది ఖాళీ అమ్మా" అన్నారు. అంతే అన్నారు. నాకు తల తిరిగింది. సిలిండర్ మీద రీఫిల్ స్టిక్కర్ ఉంది, తేదీ ఉంది, గడువు ఇంకా ఏడు నెలలుంది.

అక్కడ నిలబడే వెండర్‌కు ఫోన్ చేశాను. మూడోసారికి ఎత్తి, "ఏంది మేడం ఈ టైంల? సిలిండర్ ఇచ్చినం, స్టిక్కర్ వేసినం, మీరు సంతకం పెట్టిండ్రు. మీవాళ్ళకు వాడరాకపోతే మేమేం జేస్తం, పొద్దున మాట్లాడుదాం" అని పెట్టేశాడు. పిల్లలు ఎట్లా ఉన్నారని ఒక్క మాట అడగలేదు.

తెల్లారి పదకొండింటికి వచ్చాడు, చంకలో ఫైలుతో. నా సంతకమున్న సర్వీసు రిపోర్టు తెరిచి నా ముందు పెట్టాడు. నేనేం మాట్లాడలేదు. మా ఆఫీసు కింద బియ్యం దుకాణం ఉంది, వాళ్ళ దగ్గర బస్తాలు తూచే ఎలక్ట్రానిక్ కాటా ఉంది. సిలిండర్ కిందికి తెప్పించి, సేటును అడిగి దాని మీద పెట్టించాను. సీఓటూ సిలిండర్‌కు ముల్లు ఉండదండీ, లోపల గ్యాస్ ద్రవంగా ఉంటుంది కాబట్టి ఎంత మిగిలిందో తూకం వేస్తేనే తెలుస్తుంది, ఇది నాకు ఆ రాత్రి ఫైర్ వాళ్ళు చెప్పేదాకా తెలియదు. మెడ దగ్గర ఇనుము మీద ఖాళీ బరువు గుద్ది ఉంటుంది, రంగు కింద దాగి ఉంటే గోటితో గీకితే కనబడుతుంది. మాదాని మీద 11.2 అని ఉంది. అందులో నాలుగున్నర కిలోల గ్యాస్ ఉండాలి, అంటే 15.7 రావాలి. కాటా మీద 11.6 వచ్చింది, అది కూడా పైపు, గొట్టం కలిపి. దించి మళ్ళీ పెట్టించాను. 11.6. సేటు తన బియ్యం బస్తా ఒకటి పెట్టి కాటా సరిగ్గానే ఉందని చూపించాడు.

అప్పుడు ఆ వెండర్ అన్న మాట రాయడానికే ఇదంతా రాస్తున్నా. కాటా మీద ఆ అంకె అట్లా వెలుగుతుండగా, సెల్‌ఫోన్ చూసుకుంటూ, "గ్యాస్ కదా మేడం, జెర లీక్ అయితది. రీఫిల్ చేపిస్త, గాని దానికి వేరే బిల్లు. అయినా ఎవ్వలు సావలే గదా, ఎందుకింత లొల్లి" అన్నాడు.

ఎవ్వలు సావలే గదా.

సేటు చేతిలో చేట పట్టుకుని అట్లాగే నిలబడిపోయాడు. నాకు మాట రాలేదు. ఎవరూ చనిపోలేదంటే అది ఆయన గొప్పా? 2023 మార్చి 16న సికింద్రాబాద్ స్వప్నలోక్ కాంప్లెక్స్‌లో ఆరుగురు చనిపోయారు, గుర్తుందా? పాతికేళ్ళ లోపు పిల్లలు, మన వరంగల్, మహబూబాబాద్, ఖమ్మం వైపు నుంచి ఉద్యోగానికి పోయినవాళ్ళు. మంట కంటే ముందు పొగ వాళ్ళ ఊపిరి తీసింది. వెనక మెట్ల తలుపు తాళం చూసినప్పటి నుంచి నాకు ఆ పిల్లలే కళ్ళ ముందు మెదులుతున్నారు. మా దగ్గర పనిచేసే 46 మంది తల్లిదండ్రులు ములుగు, నర్సంపేట, పరకాల, జనగామ వైపు ఊళ్ళల్లో ఉన్నారు, వాళ్ళ పిల్లలు రాత్రంతా మా నమ్మకం మీద అక్కడ కూర్చుంటారు.

నా తప్పు కూడా చెప్పాలి. ఐదు నెలల కింద రీఫిల్ అని ఆయన పంపిన కుర్రాడు వచ్చాడు. చేతిలో స్టిక్కర్ల రోల్ తప్ప ఏమీ లేదు. ఒక్క సిలిండర్ కూడా గోడ మీంచి దించలేదు. పాత స్టిక్కర్ మీద కొత్తది అంటిస్తూ 14 సిలిండర్లు 20 నిమిషాల్లో ముగించాడు. నేను చూశాను. నెలాఖరు, జీతాల పని నెత్తి మీదుంది, రిపోర్టు తెచ్చి ముందు పెడితే సంతకం చేశాను. రీఫిల్ అంటే సిలిండర్ బండి ఎక్కి పోవాలి కదా, గోడ మీద ఉండగానే గ్యాస్ ఎట్లా నిండుతుందని ఆ రోజు అడిగి ఉంటే ఆ పిల్లాడి చెయ్యి కాలేది కాదు. ఈ మాట నేను రోజూ అనుకుంటున్నా.

తర్వాత ఒక్కొక్కటే బయటపడింది. బుధవారం మధ్యాహ్నం ఎలక్ట్రీషియన్‌ను పిలిచి, నిచ్చెన వేయించి డిటెక్టర్లు చూపించాను. కొత్త పొగ డిటెక్టర్‌కు దుమ్ము పడకుండా ఒక ప్లాస్టిక్ మూత ఇస్తారు, బిగించాక అది తీసేయాలి. మా 11 డిటెక్టర్లలో ఎనిమిదింటికి ఆ మూత అట్లాగే ఉంది. ఏడాదికి పైగా ఆ మూతల కిందే పనిచేశాం. నారింజ రంగు మూతలు, పైకి చూస్తే కనబడేవే, నేనెప్పుడూ అది డిజైన్ అనుకున్నా. యూపీఎస్ గదిలోది కూడా మూతతోనే ఉంది, పొగకు సగం కరిగింది. దాన్ని కవర్లో పెట్టి దాచాను.

ఎమర్జెన్సీ ప్లాన్ అని ఇచ్చిన ఫైలు ఇన్నాళ్ళూ బీరువాలో ఉంది. ఇప్పుడు చదివాను. 62 పేజీలు. తుపాను హెచ్చరిక వస్తే ఏం చేయాలో నాలుగు పేజీలు, పోర్టులో ఎన్నో నంబరు ప్రమాద సూచిక ఎగరేస్తే ఏమిటో ఒక పేజీ. ఏదో సముద్రం పక్క ఫ్యాక్టరీది తెచ్చి పైన మా పేరు పెట్టాడు. 2023 జూలైలో నయీంనగర్ మునిగితే మా వాళ్ళు సగం మంది మూడు రోజులు ఇళ్ళల్లోంచి బయటికి రాలేకపోయారు, 2020 ఆగస్టులోనూ అదే గతి. ఆ ఫైల్లో వరద అనే మాట లేదు. యూపీఎస్ గది అనే మాట లేదు. బయటికి వచ్చాక అందరూ ఎక్కడ నిలబడాలి, తలలు ఎవరు లెక్కపెట్టాలి, ఏమీ లేదు. ఆ రాత్రి రోడ్డు మీద లెక్కపెడితే 45 వచ్చింది, ఒకరు తక్కువ. పది నిమిషాలు మా ప్రాణాలు పోయాయి. ఆ అమ్మాయి భయపడి నేరుగా ఆటో ఎక్కి హాస్టల్‌కు వెళ్ళిపోయింది. మాక్ డ్రిల్ అంటే ఏడాదిలో ఒక్కసారి బ్యానర్ కట్టి, సిలిండర్ పట్టుకుని ఫొటో దిగాం, అంతే.

ఇక గార్డు. ఆయన మీద నాకు కోపం లేదు. అరవై దాటిన పెద్దమనిషి, పగలు ఒక అపార్టుమెంటులో, రాత్రి మా దగ్గర, రెండు డ్యూటీలు. మంట కనబడగానే 101కి చేయకుండా ఏజెన్సీ సూపర్‌వైజర్‌కు చేశాడు, ఏం జరిగినా ముందు సూపర్‌వైజర్‌కే చెప్పాలని ఏజెన్సీ వాళ్ళ ఆర్డర్. సూపర్‌వైజర్ ఎత్తలేదు. మళ్ళీ చేశాడు. అట్లా ఏడెనిమిది నిమిషాలు పోయాయి, ఫైర్ ఇంజన్ ఆలస్యం ఇదే. వెనక తలుపు తాళంచెవి కూడా ఆ సూపర్‌వైజర్ బండిలోనే ఉంది. "బిడ్డా, ఇది ఎట్ల కొడుతరో నాకు ఎవ్వలు సూపియ్యలే" అని మెట్ల మీద కూర్చుని ఏడ్చాడు. ప్రైవేటు సెక్యూరిటీ ఏజెన్సీల మీద 2005లో చట్టం వచ్చింది, పసారా అంటారు, లైసెన్స్ లేకుండా ఏజెన్సీ నడిపితే ఏడాది దాకా జైలు. కేంద్రం ఇచ్చిన నమూనా నిబంధనల్లో గార్డుకు 100 గంటల క్లాసు, 60 గంటల ఫీల్డ్ ట్రైనింగ్ ఉండాలని ఉంది. ఈ పెద్దమనిషికి ఇచ్చింది ఒక యూనిఫాం, ఒక విజిల్. లైసెన్స్ కాపీ పంపమంటే వెండర్ నుంచి "అప్లై చేసినం మేడం" అని మెసేజ్ వచ్చింది.

పోలీస్ కంప్లైంట్ ఇచ్చాం. కన్స్యూమర్ కమిషన్ గురించి అడిగితే, 2019 చట్టం వ్యాపారం కోసం కొన్నవాళ్ళను వినియోగదారులుగా లెక్కించదు, బతుకుదెరువు కోసం సొంతంగా నడుపుకునే చిన్నవాళ్ళకే మినహాయింపు, మీది ఏ కోవలోకి వస్తుందో చూడాలి అన్నారు లాయర్ గారు. చూస్తున్నాం.

మీరు ఇవాళే చేయాల్సింది తొందరగా చెప్తా. సీఓటూ సిలిండర్ తూకం వేయించండి, గ్యాస్ పదో వంతు కంటే ఎక్కువ తగ్గితే రీఫిల్‌కు పంపాలి. కొట్టేటప్పుడు చివర గొట్టాన్ని చేత్తో పట్టుకోకండి, చలికి చర్మం కాలుతుంది, చిన్న గదిలో కొట్టి అక్కడే నిలబడొద్దు. పౌడర్ సిలిండర్‌కు ముల్లు పచ్చలో ఉంటే సరిపోదు, తలకిందులు చేసి చూడండి, లోపల పొడి జారుతున్నట్టు తెలియాలి. రీఫిల్‌కు తీసుకుపోయే ముందు ఒకటి మీ కళ్ళ ముందే కొట్టించండి, మీ గార్డు చేతనే కొట్టించండి, ఎట్లాగూ నింపాల్సిందే కదా. డిటెక్టర్ల మూతలు చూడండి. మెట్ల తలుపులు లోపలున్నవాళ్ళకు తాళంచెవి లేకుండానే తెరుచుకోవాలి. 101 తర్వాతే ఇంకెవరికైనా ఫోన్ అని గోడ మీద పెద్దగా రాసి పెట్టండి.

నిన్న సాయంత్రం వెండర్ ఆఫీసు నుంచి మెసేజ్ వచ్చింది, బాకీ 22,000 సోమవారం లోపు కట్టాలని. దాని కింద వాళ్ళ కొత్త పని ఫొటో కూడా ఉంది, భీమారం వైపు ఒక స్కూల్లో సిలిండర్లు బిగిస్తున్నారు, గోడ నిండా కొత్త స్టిక్కర్లు. ఆ స్కూల్ ఏదో నాకు తెలియలేదు, పొద్దుటి నుంచి వెతుకుతున్నా. మీలో ఎవరి పిల్లలైనా అక్కడ చదువుతుంటే, రేపు స్కూల్‌కు వెళ్ళేటప్పుడు దయచేసి ఒక కాటా తీసుకెళ్ళండి.