పుర్రెలో ఖాళీకి ప్లేటా, పెరిగే ఎముకా: ఏది మేలు?

బైక్ ప్రమాదం వల్లో పక్షవాతం వల్లో మెదడు బాగా వాచినప్పుడు, ఒత్తిడి తగ్గించడానికి పుర్రెలో ఒక పెద్ద ముక్క కోసి తీసేస్తారు. ప్రాణం నిలబడి, వాపు దిగాక, కొన్ని నెలలకు ఆ ఖాళీని మూయాలి. గాంధీ, ఉస్మానియా, నిమ్స్ లాంటి చోట్ల పేషెంటు వెంట వచ్చినవాళ్లు యూట్యూబ్ చూసి అడిగే ప్రశ్న ఒకటుంది: "ప్లేటు ఎందుకు సార్, బొక్క మళ్లీ పెరిగే మందు ఉందంట కదా?"

మందు ఉన్నమాట నిజమే. అయినా పెద్దవాళ్లకు నేను ప్లేటు వైపే మొగ్గుతాను.

అంతకన్నా ముందు చూడాల్సింది సొంత ఎముక. తీసిన ముక్కను పొట్ట చర్మం కిందో, డీప్ ఫ్రీజర్‌లోనో భద్రపరుస్తారు. అది పగలకుండా, చీము పట్టకుండా ఉంటే మళ్లీ అదే పెట్టొచ్చు. కొలత సరిగ్గా సరిపోతుంది, కొత్తగా కొనేదేమీ లేదు. అయితే కొందరిలో ఆ ముక్క మెల్లగా కరిగిపోతుంది, పిల్లల్లో మరీ ఎక్కువ. అప్పుడు మళ్లీ ఆపరేషన్ తప్పదు.

సొంత ముక్క పనికిరాకపోతే బోన్ సిమెంట్, టైటానియం, పీక్ అనే ప్లాస్టిక్ ఉన్నాయి. సిమెంట్ చవక. థియేటర్‌లోనే కలిపి మలుస్తారు, గట్టిపడేటప్పుడు వేడెక్కుతుంది కాబట్టి నీళ్లతో చల్లబరుస్తూ ఉంటారు. టైటానియం గట్టిది. సీటీ స్కాన్ ఆధారంగా ఆ మనిషి తలకు తగ్గట్టే చేయించొచ్చు, ఎమ్మారైకి కూడా సాధారణంగా ఇబ్బంది లేదు. కాకపోతే లోహం కదా, మన మే నెల ఎండలో తల వేడెక్కుతోందని కొందరు అంటుంటారు. పైచర్మం పలచబడితే ఏళ్ల తర్వాత ప్లేటు బయటపడే ప్రమాదమూ ఉంది. పీక్ వేడిని పెద్దగా లాక్కోదు, స్కాన్‌లో అడ్డురాదు, కానీ ఖరీదెక్కువ. వీటిలో ఏది ఆరోగ్యశ్రీలో వస్తుందో, ఏది జేబులోంచి పెట్టుకోవాలో ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను ఆపరేషన్‌కు ముందే అడగండి.

ఇక పెరిగే ఎముక సంగతి. సన్నటి రంధ్రాలున్న ఇంప్లాంట్ తీగకు వేసే పందిరి లాంటిది, ఎముక దాన్ని పట్టుకుని పాకాలి. రంధ్రం కనీసం 100 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) ఉండాలి, 300 దాటితే రక్తనాళాలు లోపలికి రావడం తేలిక. మన ఎముకలో ఉండే ఖనిజం లాంటి హైడ్రాక్సీ అపటైట్‌తో ఇలాంటివి చేస్తారు. పెళుసుగా ఉంటాయి, ఎముక అల్లుకునేదాకా తలకు దెబ్బ తగలకూడదు. అసలు చిక్కు వేరే ఉంది. ఎముక అంచుల నుంచి కొద్ది దూరమే పాకుతుంది. అరచేయంత ఖాళీ నడిమధ్య దాకా చేరడం కష్టం.

ఆ మధ్య భాగాన్ని నింపడానికే ప్రొటీన్. ఖనిజం తీసేసిన ఎముకను కండరంలో పెడితే అక్కడ కొత్త ఎముక పుడుతుందని అమెరికా వైద్యుడు మార్షల్ యూరిస్ట్ 1965లో చూపించాడు. దాని వెనకున్నవే బీఎంపీలు, అంటే ఎముకను పుట్టించే ప్రొటీన్లు. వాటిలో బీఎంపీ-2ను కొలాజెన్ స్పాంజిలో నానబెట్టి వాడటానికి 2002లో అమెరికా అనుమతిచ్చింది, అదీ నడుము దగ్గర వెన్నుపూసల్ని కలపడానికి. పుర్రెకు ఆ అనుమతి లేదు.

అసలు ఇబ్బంది మోతాదుతో. ఈ ప్రొటీన్ ఒంట్లో త్వరగా విరిగిపోతుంది. అందుకే సహజంగా ఉండే దానికన్నా ఎన్నో రెట్లు ఎక్కువ పెట్టాల్సి వస్తుంది. స్పాంజి అందులో చాలా భాగాన్ని మొదట్లోనే వదిలేస్తుంది, దాంతో చుట్టూ వాపు, ఒక్కోసారి అక్కర్లేని చోట ఎముక. మెడ ఆపరేషన్లలో వాడితే గొంతు వాచి ఊపిరికే ముప్పు వచ్చిన కేసులున్నాయని 2008లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ హెచ్చరించింది. వాపు వల్లే పుర్రె తెరవాల్సి వచ్చిన మనిషి మెదడు పక్కనే మళ్లీ వాపు తెచ్చే మందు పెట్టాలంటే ఏ సర్జనైనా జంకుతాడు. నాకైతే ఆ ఒక్క కారణం చాలు.

ఇది ఎప్పటికీ జరగదని కాదు. 2004లో జర్మనీలోని కీల్‌లో, క్యాన్సర్ వల్ల దవడ పోయిన మనిషికి టైటానియం జాలీలో ఎముక ఖనిజం, బీఎంపీ-7, అతని మజ్జ నింపి వీపు కండరంలో ఏడు వారాలు పెంచి, తర్వాత దవడకు అమర్చారు. వీపు కండరంలో రక్తానికి కొదవలేదు. పుర్రె ఖాళీలో అంత రక్తం ఎక్కడిది?

చిన్నపిల్లల విషయంలో మాత్రం నా తీర్పు మారుతుంది. తల పెరుగుతుంది, టైటానియం పెరగదు. రెండేళ్లలోపు బిడ్డకు చిన్న ఖాళీలను మెదడు పైపొరే ఎముకతో పూడ్చుకుంటుంది, కాబట్టి ముందు కొన్నాళ్లు ఆగి చూడొచ్చు. కాస్త పెద్ద పిల్లలకు పుర్రె ఎముకను రెండు పలకలుగా చీల్చి, ఒకదాన్ని ఖాళీలో పెట్టే పద్ధతి ఉంది. అందరికన్నా ఎక్కువగా పెరిగే ఎముక అవసరమైంది వీళ్లకే. ఇంకా ఎదిగే ఒంట్లో ఆ ప్రొటీన్‌తో ఎక్కువ జాగ్రత్త అవసరమైంది కూడా వీళ్లకే. ఎవరైనా బీఎంపీ వేస్తామంటే అది మామూలు చికిత్సా, పరిశోధనా అని తేల్చి అడగండి. పరిశోధనైతే ఎథిక్స్ కమిటీ అనుమతి పత్రం చూపించమనండి.