కంపారేటర్‌లో ఒక్క ‘సమానం’ గుర్తు: చెస్ ఇంజిన్‌లో ఎత్తుల వరసకు ఏ సార్ట్ నిలబడింది

రెండేళ్ల వాడకం తర్వాత చెప్తున్నా, నేను రాసుకున్న చెస్ ఇంజిన్ (చెస్ ఆడే ప్రోగ్రామ్) ఏ ఎత్తును ముందు ఆడి చూడాలో వరసపెట్టడానికి సెలెక్షన్ సార్ట్‌ను మించింది నాకు దొరకలేదు. జాబితా మొత్తాన్ని పేర్చక్కర్లేదు. మిగిలినవాటిలో ఎక్కువ స్కోరున్న ఎత్తును వెతకడం, ముందుకు తేవడం, ఆడి చూడడం, అంతే. ఆల్ఫా బీటాలో (ఫలితాన్ని మార్చలేని ఎత్తులను వదిలేసే వెతుకులాటలో) మొదటి ఎత్తుకే కటాఫ్ పడితే, అంటే మిగతావి చూడక్కర్లేదని తేలితే, మిగతా ముప్పై ఎత్తులను పేర్చే పనే తప్పిపోతుంది.

అంతకు ముందు వాడింది సీ ప్లస్ ప్లస్ స్టాండర్డ్ సార్ట్. రెండు ఎత్తుల్లో ఏది ముందో చెప్పే కంపారేటర్‌లో ‘ఎక్కువ’ ఉండాల్సిన చోట ‘ఎక్కువ లేదా సమానం’ పడింది. జీసీసీ కంపైలర్ లైబ్రరీలో 16 ఎత్తుల దాకా నేరుగా ఇన్సర్షన్ సార్టే (ఒక్కోదాన్నీ దాని చోట దూర్చే పద్ధతే) నడుస్తుంది, అక్కడ ఈ తప్పు బయటపడదు. అందుకే రాజు, బంట్లు మిగిలిన ముగింపులన్నీ శుభ్రంగా సాగాయి. 16 దాటితే పైవట్‌తో, అంటే జాబితాలోంచి ఎంచుకున్న ఒక ఎత్తుతో పోల్చి రెండుగా విభజించడం మొదలవుతుంది. పైవట్ కన్నా తక్కువ స్కోరు తగిలేదాకా ఆ లూపు హద్దు చూడకుండా పోతూనే ఉంటుంది. ఇంతకు ముందు పనికొచ్చిన ఎత్తులకు మార్కులేసే హిస్టరీ టేబుల్ ఇంకా నిండనప్పుడు మామూలు (దేన్నీ కొట్టని) ఎత్తులన్నిటికీ స్కోరు సున్నాయే. ఆపేది లేక లూపు జాబితా చివర దాటింది, ఎత్తులు దాచే 256 గళ్ల అరేలో వేరే నోడ్ (వెతుకులాటలో చూసిన ఇంకో స్థితి) వదిలేసిన పాత ఎత్తులను లోపలికి లాక్కొచ్చింది. బోర్డు మీద లేని గుర్రం కదిలింది! ఒక్కోసారి నేరుగా క్రాష్.

ఒక లోతు దాకా సాధ్యమైన ఆటలన్నీ లెక్కపెట్టి ఎత్తుల జనరేటర్‌ను సరిచూసే పెర్ఫ్ట్ పరీక్షలో ఇది దొరకదు. ప్రారంభ స్థితికి లోతు 5లో 48,65,609 సరిగ్గానే వస్తుంది, ఎందుకంటే పెర్ఫ్ట్‌కి వరసతో పనిలేదు. అరే లోపలే తిరిగినంతసేపు మెమరీ హద్దు దాటితే పట్టే అడ్రస్ శానిటైజర్‌కీ చిక్కదు. లైబ్రరీ డీబగ్ మోడ్‌లో కంపైల్ చేస్తే మాత్రం ఎత్తును దానితోనే పోల్చి చూసి అక్కడికక్కడే ఆపేస్తుంది.

అది సరిచేశాక ఇంకో చిక్కు. సమాన స్కోర్ల మధ్య ఏది ముందో ఆ సార్ట్ హామీ ఇవ్వదు. అదే స్థితి, అదే లోతు, కంపైలర్ మారితే నోడ్ల సంఖ్య మారింది. సెలెక్షన్‌లో లూపు మనదే కాబట్టి ఎక్కడ నడిపినా ఒకటే సంఖ్య. విశాఖలో ఇది పెద్ద ఊరట. మే నెల ఉక్కపోతలో, ఏసీ లేని గదిలో ల్యాప్‌టాప్ వేడెక్కి క్లాక్ (ప్రాసెసర్ వేగం) తగ్గించేస్తుంది. సెకనుకు నోడ్ల లెక్క పొద్దున ఒకటి, మధ్యాహ్నం ఇంకొకటి. నోడ్ల మొత్తాన్నే నమ్మాలి. టైమింగ్ చూడాలంటే తెల్లవారుజామునే.

అయితే పైన మెచ్చుకున్నదంతా కటాఫ్ పడే నోడ్లకే. పడని చోట 40 ఎత్తులుంటే 780 పోలికలు తప్పవు. పైగా స్వాప్ చేసిన (రెండు ఎత్తుల చోట్లు మార్చిన) ప్రతిసారీ ముందున్న ఎత్తు ఎక్కడో వెనక్కి పడి, సమాన స్కోర్లలో జనరేటర్ ఇచ్చిన వరస చెదురుతుంది. మధ్యలోవాటిని ఒక్కో గడి వెనక్కి జరిపితే చెదరదు గానీ కాపీల ఖర్చు పెరుగుతుంది. అందుకే ఈ మధ్య మామూలు ఎత్తులకు స్టాక్‌ఫిష్ అనే పేరున్న ఇంజిన్ దారి పట్టాను: ఒక హద్దు పైన స్కోరున్నవాటినే ఇన్సర్షన్‌తో పేర్చి, మిగతావాటిని పేర్చకుండా వదిలేయడం. కొట్టే ఎత్తులు తక్కువే ఉంటాయి, వాటికి సెలెక్షన్ అలాగే ఉంది.

నాది ఒకే త్రెడ్ ఇంజిన్, ఎవాల్యుయేషన్ (స్థితికి మార్కులేసే పని) చాలా తేలిక, అందుకే సార్ట్ ఖర్చు ఏ పనికి ఎంత సమయం పోతోందో చూపే ప్రొఫైలర్‌లో కొట్టొచ్చినట్టు కనిపించింది. న్యూరల్ నెట్ ఎవాల్యుయేషన్ ఉన్నవాళ్లకు ఈ తేడా అందులో కలిసిపోవచ్చు. వాళ్లు స్టాండర్డ్ సార్ట్‌తోనే ఉండాలనుకుంటే, కంపారేటర్‌లో ‘సమానం’ లేదని ఒకసారి చూసుకుని, స్కోర్లు సమానమైతే ఎత్తు కోడ్‌తో (ఒక్కో ఎత్తును గుర్తించే అంకెతో) తేల్చేలా పెట్టుకోవాలి.